పానగల్లు నీడకి పది నిమిషాలు చాలవు

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్ల లోపే. ఆటో ఎక్కేటప్పుడు వంద, దిగేటప్పుడు "గుడి ఊరి బయట ఉన్నది గద సార్, నూటయాభై" అన్నారు. ఆ యాభై పోతే పోయింది, అసలు నష్టం తర్వాత మొదలైంది. "పది నిమిషాలు ఆగుతా, నీడ జూసి రండ్రి" అని డ్రైవర్ హారన్ మీద చెయ్యేసి కూర్చున్నాడు. లింగం వెనక గోడ మీద కదలని నీడకి పేరుపడ్డ ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇలాగే హడావిడిగా చూసి, "ఏముంది, మసక గీత" అనుకుంటూ వెళ్ళిపోతారు. ఆటోని అక్కడే పంపించెయ్యండి. లేదా ముందే మాట్లాడుకోండి: రెండు గుళ్ళు, చెరువు కట్ట, మొత్తం మూడు గంటలు, 400 రూపాయలు. అంతకు మించి ఇవ్వనక్కర్లేదు.

పానగల్లు ఒకప్పుడు కందూరు చోడ రాజుల రాజధాని. గుడి త్రికూటం, అంటే మూడు గర్భగుడులకి ఒకటే మండపం. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద నిలువుగా నల్లటి పట్టీ ఉంటుంది. చూడడానికి స్తంభం నీడే, కానీ లింగానికీ వాకిలికీ నడుమ స్తంభమేదీ లేదు. పొద్దు జరిగినా పట్టీ జరగదు. దీనికి మహిమ అని ఒకరు, రహస్య యంత్రం అని ఇంకొకరు గుడి ముందు నిలబడి చెప్తుంటారు. ఆ చెప్పే మనిషికి 50 ఇచ్చి వినడం కంటే వెనక్కి తిరిగి మండపం స్తంభాలని చూస్తే విషయం తెలిసిపోతుంది. ఎండ నేరుగా గర్భగుడిలోకి రాదు. బయట పరుచుకున్న వెలుతురు స్తంభాల సందుల్లోంచి రెండు పక్కల నుంచీ లోపలికి చేరుతుంది. స్తంభాలు అడ్డుకున్న మేర గోడ మధ్యలో వెలుతురు తగ్గుతుంది, అదే పట్టీ. సూర్యుడు ఎటున్నా ఆ సందులు కదలవు కాబట్టి నీడా కదలదు. అద్భుతం కట్టినవాడి లెక్కలో ఉంది.

ఈ లెక్క చెడగొట్టడం మాత్రం చాలా తేలిక. సెల్‌ఫోన్ టార్చి వేస్తే నీడ మాయం. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఉత్త రాతి గోడే వస్తుంది. ఇరవైమంది గుంపుగా మండపంలో నిలబడితే సందులు మూసుకుపోయి, పట్టీ అంచులు చెదిరిపోతాయి. మబ్బు పట్టినా, సాయంత్రం అయినా పలచబడుతుంది. అందుకని తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఎండ బాగా ఉన్న రోజు, సోమవారం కాకుండా వెళ్ళాలి. కార్తీకంలో, శివరాత్రికి దర్శనం దొరుకుతుంది గానీ నీడ దొరకదు. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకి మొదట చీకటి తప్ప ఏమీ ఆనదు. అయిదు నిమిషాలు మండపంలో కూర్చుని అప్పుడు చూడండి. సరదాకి ఒకరిని పక్క స్తంభాల సందుకి అడ్డంగా నిలబెట్టి మీరు గోడ చూస్తే, ఆ పక్క ఎలా నల్లబడుతుందో తెలుస్తుంది. వెంట వచ్చిన మేనత్త మొదట "ఇంతేనా" అని మూతి ముడిచింది. ఈ పరీక్ష మొదలుపెట్టాక ఆవిడని బయటికి తీసుకురావడమే కష్టమైంది. చెప్పులు బయటే విడవాలి, మధ్యాహ్నానికి రాళ్ళు కాలిపోతాయి, పాత మేజోళ్ళు సంచిలో వేసుకోండి.

పచ్చల సోమేశ్వరాలయం ఊళ్ళోనే ఉంది. అక్కడికి జనం ఇంకా తక్కువ. లింగానికి పచ్చ పొదిగి ఉండేదని చెప్పుకుంటారు, పేరు అందుకే. ఒకే మండపానికి ఒక వైపు మూడు గర్భగుడులు, ఎదురుగా ఒకటి. నిజానికి శిల్పం చూడాలంటే ఛాయా సోమేశ్వరం కంటే ఇదే మేలు. బయటి గోడల మీద నల్లరాతిలో రామాయణ, భారత కథలు, శివుడి రూపాలు వరసగా ఉన్నాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బొమ్మలన్నీ చదునుగా కనబడతాయి, ఏటవాలు వెలుతురు పడాలి. నల్లరాయిని చూసి ఫోను తనంతట తాను వెలుతురు పెంచేసి రాతిని బూడిదరంగు చేస్తుంది. తెరమీద బొమ్మని తాకి వెలుతురు గీతని కిందికి జరపండి. పక్కన మ్యూజియంలో చుట్టుపక్కల దొరికిన విగ్రహాలూ శాసనాలూ ఉన్నాయి, అరగంట చాలు.

ఉదయసముద్రం చెరువు కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది. పేరు చోడరాజు ఉదయుడిది.

ఇక బస. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది 900. బోర్డు మీద '24 గంటల చెకౌట్', రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'మధ్యాహ్నం 12'. సాయంత్రం ఆరింటికి దిగినవాళ్ళకి మర్నాడు పన్నెండున్నరకి సగం రోజు అద్దె, 450, అదనంగా వేశారు. బోర్డు చూపిస్తే కౌంటర్ దగ్గరి కుర్రాడు "అది పాత బోర్డు సార్" అన్నాడు. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకానే, అది కూడా రెండు బకెట్లు. డబ్బు కట్టేముందు దిగే టైమూ వదిలే టైమూ రసీదు మీద పెన్నుతో రాయించుకోండి. రాయనంటే పక్క లాడ్జికి నడవండి, అక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకైతే గది అసలు అవసరమే లేదు. ఎల్బీనగర్‌లో పొద్దున ఆరింటి బస్సెక్కితే చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా రెండున్నర గంటల్లో దిగుతారు, రాత్రికి తిరిగి ఇల్లు చేరొచ్చు.

ఇంకో రోజు ఉంటే నకిరేకల్ వైపు చందుపట్ల వెళ్ళండి. రుద్రమదేవి మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం అక్కడ ఉంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్ళూ ఆ దారికి కలుస్తాయి. కారు మాట్లాడేటప్పుడు 'సూర్యాపేట పిల్లలమర్రి' అని పూర్తిగా చెప్పాలి. ఉత్త పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ మర్రిచెట్టుకి రేటు చెప్తారు, అది పూర్తిగా వేరే దిక్కు.

తిండి విషయంలో మాత్రం ఇంతసేపు తిట్టిన నల్లగొండనే మెచ్చుకోవాలి. చీకటి పడ్డాక రోడ్డు పక్కన పొయ్యిల మీద జొన్నరొట్టెలు చేస్తున్నారు, ఒకటి 20 రూపాయలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ఊరికే. మేనత్త మూడు తిని, చేసే ఆవిణ్ణి "పిండిలో ఏం కలుపుతున్నవ్ అక్కా" అని అడిగింది. "వేడినీళ్ళు, ఇంకేం లేదు" అంది ఆవిడ. ఎనిమిదిన్నరకే పిండి అయిపోయి పొయ్యి ఆర్పేశారు, కాబట్టి ఏడింటికల్లా చేరుకోండి.