మందులకు లొంగని కుంగుబాటు: ఈసీటీ, కెటమిన్, టీఎంఎస్‌లలో ఏది మేలు?

"డాక్టరుగారూ, ఇంకేమైనా చేయండి, కరెంటు మాత్రం పెట్టించకండి." మానసిక వైద్యుల గదుల్లో కుటుంబాల నోట తరచూ వినిపించే మాట ఇది. రెండు మూడు రకాల మందులు వాడినా మనిషి కోలుకోలేదని చెప్పి వైద్యుడు ఈసీటీ (తలకు విద్యుత్ పంపి మూర్ఛ తెప్పించే చికిత్స) పేరెత్తగానే తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, తండ్రి కుర్చీలోంచి లేస్తాడు. తర్వాతి వారం అదే కుటుంబం ఫోనులో ఒక వీడియో చూపించి, "కెటమిన్ అని కొత్తది వచ్చిందట కదండీ, అది పెట్టండి" అని అడుగుతుంది. జబ్బు ఏ దశలో ఉందో చూడకుండా పాతదానికి భయపడి, కొత్తదాని మీద ఆశ పెట్టుకుని చికిత్సను ఎంచుకుంటున్నాం. నా బాధంతా దాని గురించే.

ఈసీటీ, కెటమిన్, టీఎంఎస్ (అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించే చికిత్స), ఈ మూడింటినీ పోల్చే ముందు ఒక సంగతి తేలాలి. మందులు నిజంగానే పనిచేయలేదా? సరైన మోతాదులో కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడితే గానీ ఒక మందు పనిచేయలేదని అనలేం. పది రోజులు వేసుకుని, నోరెండిపోతోందని మానేసిన మాత్ర లెక్కలోకి రాదు. థైరాయిడ్ లోపం ఉందేమో, మద్యం అలవాటు ఉందేమో, అసలు జబ్బు బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) అయి ఉండి ఎవరూ గుర్తించలేదేమో చూడాలి. అమెరికాలో నాలుగు వేల మందికి పైగా రోగులతో జరిగిన స్టార్-డి అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నవారు దాదాపు మూడో వంతు మాత్రమే. అంటే మొదటి మాత్ర పనిచేయకపోవడం మామూలు సంగతే. రెండు మందులు తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా ఫలితం లేనప్పుడే దాన్ని మందులకు లొంగని కుంగుబాటు అంటారు. ఈ పోలిక ఆ స్థితిలో ఉన్నవారి కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి అన్నం నీళ్లు మానేసినా, చావు గురించే మాట్లాడుతున్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయని అంటున్నా ఈసీటీకి సాటి వచ్చేది ఇప్పటికీ లేదు. ఉద్యోగానికి వెళ్తూ, ఇల్లు చూసుకుంటూ, లోపల మాత్రం నెలల తరబడి నలిగిపోతున్నవారికి టీఎంఎస్ మేలు. కెటమిన్ మంచి మందే కానీ, పద్ధతిగా ఇచ్చే పెద్ద ఆసుపత్రి అందుబాటులో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఈసీటీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. 1938లో రోమ్‌లో ఉగో చెర్లెట్టి, లుచియో బీని అనే వైద్యులు దీన్ని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మత్తు లేదు, కండరాలను సడలించే మందు లేదు. మూర్ఛ తీవ్రతకు ఎముకలు విరిగిన రోగులున్నారు. సినిమాలు మనకు చూపించింది ఆ దృశ్యాన్నే, ఇప్పటికీ అదే చూపిస్తున్నాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్, మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి ముందుగా ఉండాలి.

ఇప్పుడు జరిగేది ఇలా ఉంటుంది. రాత్రి నుంచి ఏమీ తినకుండా పొద్దున్నే రోగిని తీసుకొస్తారు. ఉంగరాలు, కట్టుడు పళ్లు తీయిస్తారు, తలకు నూనె లేకుండా చూస్తారు. చేతికి సెలైన్ సూది పెట్టి మత్తు డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని క్షణాల్లో రోగి నిద్రలోకి జారుకుంటాడు. కండరాల మందు ఎక్కించే ముందు ఒక కాలి మడమ పైన బీపీ పట్టీ బిగిస్తారు. ఆ మందు పాదంలోకి చేరకుండా ఆపడానికి ఆ ఏర్పాటు. నాలుక, పళ్లు దెబ్బతినకుండా నోట్లో రబ్బరు దిమ్మె పెట్టి, తలకు కొద్ది సెకన్ల పాటు విద్యుత్ పంపుతారు. ఒళ్లంతా కదలకుండా ఉంటుంది. ఆ ఒక్క పాదం వేళ్లు మాత్రం అరనిమిషమో, ముప్పావు నిమిషమో సన్నగా అదురుతాయి. మూర్ఛ వచ్చిందో లేదో వైద్యులకు తెలిసేది ఆ వేళ్లను, పక్కనున్న ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల) గీతలను చూసే. పది, పదిహేను నిమిషాల్లో రోగి కళ్లు తెరుస్తాడు. "ఎక్కడున్నాను?" అని అడుగుతాడు. తలనొప్పిగా ఉందంటాడు. కాసేపటికి టిఫిను తిని కూర్చుంటాడు. వారానికి రెండు మూడు సార్ల చొప్పున సాధారణంగా ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. ప్రాణహాని చాలా అరుదు, లక్ష సార్లకు రెండు మరణాలని అంచనా.

దాని అసలు నష్టం జ్ఞాపకశక్తికి. చికిత్స జరిగిన వారాల సంగతులు, అంతకు ముందు కొన్ని నెలల సంగతులు చెదిరిపోతాయి. చాలామందికి చాలా భాగం తిరిగి వస్తుంది, కొందరికి కొన్ని జ్ఞాపకాలు ఎప్పటికీ రావు. దీన్ని తేలిగ్గా తీసిపారేసే వైద్యులంటే నాకు కోపం. మేనకోడలి పెళ్లి గుర్తులేదని బాధపడే మనిషికి అది చిన్న విషయం కాదు. తలకు కుడివైపు మాత్రమే, చాలా చిన్న తరంగాలతో ఇస్తే ఈ నష్టం తగ్గుతుంది, ప్రభావం కూడా కొంత తగ్గవచ్చు. ఆ ఎంపిక గురించి వైద్యుణ్ణి అడిగే హక్కు కుటుంబానికి ఉంది.

రెండో చిక్కు, జబ్బు తిరగబెట్టడం. ఈసీటీతో కోలుకున్నవారికి తర్వాత ఉత్తుత్తి మాత్రలిచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. ఆరు నెలల్లో వారిలో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్, లిథియం అనే మందులు కలిపి వాడినవారిలో అది 39 శాతం. కోర్సు అయిపోయింది కదా అని మందులు మానేసే మన అలవాటు ఇక్కడ ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

కెటమిన్ సంగతికి వస్తే, అది కొత్త మందేమీ కాదు. 1962లో తయారై, 1970 నుంచి ఆపరేషన్లకు మత్తుమందుగా వాడుకలో ఉంది. మన జిల్లా ఆసుపత్రుల మత్తు డాక్టర్లకు బాగా తెలిసినదే. దాన్ని చాలా తక్కువ మోతాదులో ఎక్కిస్తే కుంగుబాటు గంటల్లో తగ్గుతుందని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో చిన్న అధ్యయనంలో చూపించారు. మామూలు మాత్రలకు వారాలు పట్టే చోట గంటల్లో ఉపశమనం అంటే ఎంత పెద్ద మాటో, ఆత్మహత్య ఆలోచనలతో ఉన్నవారి పక్కన రాత్రంతా మేల్కొని కూర్చున్నవారికి తెలుస్తుంది. దాని రూపాంతరమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేను అమెరికా 2019లో అనుమతించింది. అదీ వైద్య కేంద్రంలోనే, రెండు గంటలు పరిశీలనలో ఉంచాలన్న షరతుతో. ఎందుకంటే ఆ సమయంలో బీపీ పెరుగుతుంది, వికారం వస్తుంది, మనసు ఒంటినుంచి విడిపోయినట్టు అనిపిస్తుంది.

మరి ఈసీటీ, కెటమిన్ ముఖాముఖి తలపడితే? 2023లో అమెరికాలో 403 మందిని రెండు వర్గాలు చేసి చూసిన అధ్యయనంలో, మూడు వారాల చికిత్స తర్వాత లక్షణాలు సగమైనా తగ్గినవారు కెటమిన్ వర్గంలో 55 శాతం, ఈసీటీ వర్గంలో 41 శాతం. జ్ఞాపకశక్తి విషయంలోనూ కెటమిన్‌దే పైచేయి. ఇది చూసి చాలామంది ఈసీటీ కాలం చెల్లిందని రాశారు. నేను ఒప్పుకోను. ఆ అధ్యయనంలో భ్రమలు, భ్రాంతులు ఉన్నవారిని చేర్చలేదు. ఎక్కువమంది ఇంటి నుంచి వచ్చి వెళ్లే రోగులు. ఈసీటీని కూడా కుడివైపు, మృదువైన పద్ధతిలోనే మొదలుపెట్టారు. అదే స్వీడన్ ఆసుపత్రుల్లో చేరిన 186 మంది మీద, భ్రమలున్నవారిని కూడా కలుపుకుని చేసిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. పూర్తిగా తేరుకున్నవారు ఈసీటీతో 63 శాతం, కెటమిన్‌తో 46 శాతం. వయసు మళ్లినవారిలో తేడా మరింత ఎక్కువ. రెండూ నిజమే. రోగం తీవ్రత పెరిగే కొద్దీ, వయసు పెరిగే కొద్దీ తక్కెడ ఈసీటీ వైపు మొగ్గుతుంది.

కెటమిన్ విషయంలో నా భయం వేరే ఉంది. ఉపశమనం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది కూడా. ఒక్క మోతాదు ప్రభావం కొన్ని రోజుల నుంచి వారం వరకు. కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించాలి. ఇది అలవాటయ్యే మందు, దుర్వినియోగం చేస్తే మూత్రాశయం పాడవుతుంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. అక్కడ వీధికో కెటమిన్ క్లినిక్, ఫోనులో మాట్లాడితే ఇంటికే వచ్చే బిళ్లలు కూడా ఉన్నాయి. ఇలా మందుల దుకాణాలు సొంతంగా కలిపి తయారుచేసే కెటమిన్ గురించి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే 2023 అక్టోబరులో హెచ్చరిక జారీ చేసింది. నటుడు మాథ్యూ పెర్రీ అదే నెలలో మరణించాడు. కెటమిన్ తీవ్ర ప్రభావమే కారణమని శవపరీక్ష తేల్చింది. అంతకుముందు అతను కుంగుబాటుకు క్లినిక్‌లో కెటమిన్ చికిత్స పొందిన మాట నిజమే, కానీ ప్రాణం తీసినది ఆ చికిత్సలో ఇచ్చినది కాదు. పర్యవేక్షణలో ఇచ్చే మందుకూ, ఇంట్లో పర్యవేక్షణ లేకుండా వాడే మందుకూ ఉన్న తేడా అది.

టీఎంఎస్ వీటితో పోలిస్తే చాలా సౌమ్యం. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించవచ్చని చూపింది. 2008లో కుంగుబాటు చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది. మత్తు అక్కర్లేదు, ఉపవాసం అక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే నుదుటికి ఎడమవైపు పైభాగాన తీగచుట్ట ఉన్న పరికరం ఆనిస్తారు. టకటకమని పెద్ద చప్పుడు వస్తుంది కాబట్టి చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెడతారు, తల మీద పిచ్చుక పొడిచినట్టు ఉంటుంది. లేచి తన బండి తానే నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్లవచ్చు. జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. తలనొప్పి మామూలు, మూర్ఛ రావడం చాలా అరుదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు (లోపల అమర్చే వినికిడి పరికరం) ఉన్నవారికి పనికిరాదు.

చిక్కల్లా సమయమే. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవారికి సరే. ఎక్కడో మండల కేంద్రం నుంచి రోజూ రావాలంటే, పక్కన తోడు కూడా రావాలంటే, ఆ కుటుంబం నెల రోజుల కూలి వదులుకోవాలి. 37 నిమిషాల పాత పద్ధతికి మూడు నిమిషాల కొత్త పద్ధతి తీసిపోదని 2018లో కెనడా అధ్యయనం తేల్చింది. దాంతో కూర్చునే సమయం తగ్గింది కానీ రోజుల సంఖ్య తగ్గలేదు. అయినా రెండు మందులు విఫలమయ్యాక మూడో మాత్రకు మారడం కంటే ఇదే నయమని నేను అనుకోవడానికి ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లో 89 మందితో చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. మందు మార్చినవారిలో దాదాపు 15 శాతం మందికి మేలు కనిపిస్తే టీఎంఎస్ తీసుకున్నవారిలో 37 శాతానికి పైగా కనిపించింది. అయితే అన్నం ముట్టని మనిషికి, భ్రాంతులున్న మనిషికి ఆరు వారాలు ఆగే వ్యవధి ఉండదు.

గర్భిణులకు తీవ్రమైన కుంగుబాటు వస్తే ఈసీటీయే అనుభవం ఎక్కువగా ఉన్న దారి. ఖర్చులో కూడా ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈసీటీయే అందుబాటులో ఉంటుంది. టీఎంఎస్ చాలా వరకు ప్రైవేటులోనే. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టమే చెబుతోంది, కాబట్టి ఆసుపత్రిలో చేరే ముందే పాలసీ వివరాలు రాతపూర్వకంగా అడగండి. పుట్టగొడుగుల్లోని సిలోసిబిన్ గురించి, ఎండీఎంఏ అనే మాదకద్రవ్యం గురించి కూడా ఈమధ్య అడుగుతున్నారు. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి పరిమితంగా అనుమతించింది, అమెరికా 2024 ఆగస్టులో ఎండీఎంఏను తిరస్కరించింది. మన దేశంలో రెండూ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మనకు అవి ప్రస్తుతానికి ఎంపికలు కావు.

ఒక పెద్ద మినహాయింపు ఉంది. కుంగుబాటు వెనుక ఒక గాయం ఉంటే, అంటే చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస, రోడ్డు ప్రమాదం, కళ్లముందే ఆప్తుల మరణం లాంటిది ఉండి, అదే దృశ్యం పగలూ రాత్రీ వెంటాడుతుంటే, అది పీటీఎస్‌డీ (గాయం మిగిల్చే మానసిక జబ్బు) కావచ్చు. దానికి ఈ మూడింటిలో ఏదీ మొదటి చికిత్స కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన వాటిలో ముఖ్యమైనవి రెండు మాటల చికిత్సలు: గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును మార్చే చికిత్స), ఈఎండీఆర్. రెండోదానిలో రోగి ఆ సంఘటనను తలచుకుంటూ చికిత్సకుని వేలి కదలికను కళ్లతో అనుసరిస్తాడు. వినడానికి వింతగా ఉన్నా ఆధారాలు గట్టివి. నిద్ర పట్టడం లేదని ఏళ్ల తరబడి ఇచ్చే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు ఇలాంటివారికి మేలు కంటే కీడు చేస్తాయని, వాటిని వాడవద్దని అమెరికా మాజీ సైనికుల వైద్య విభాగం 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. కెటమిన్‌ను కూడా ఈ జబ్బుకు సూచించలేదు. మన ఊళ్లలో ఇలాంటివారికి దొరుకుతున్నది ఆ మాత్రే. ఈఎండీఆర్ నేర్చినవారు మహానగరాలు దాటితే అరుదు. మన ప్రభుత్వాలు యంత్రాలు కొనే ముందు ఈ శిక్షణ మీద డబ్బు పెట్టాలని నా గట్టి కోరిక.

ఈసీటీకి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు అడగండి. మత్తు డాక్టరు ఉంటారా, ఒకవైపే ఇస్తారా రెండువైపులా ఇస్తారా, మొదటిసారికి ముందు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తారా, కోర్సు ముగిశాక ఏ మందు ఎంతకాలం వాడాలి. టీఎంఎస్ అయితే లోహాల సంగతి, మూర్ఛ చరిత్ర దాచకుండా చెప్పండి. కెటమిన్ అయితే ఎక్కించాక ఎంతసేపు ఉంచుతారు, బీపీ ఎవరు చూస్తారు, ఆపేసే ప్రణాళిక ఏమిటి అని అడగండి. మనిషి ఇప్పుడే ప్రాణం తీసుకునేలా ఉంటే మాత్రం ఈ పోలికలన్నీ పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోను చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా పలుకుతారు.