ఏది మేలు: జన్యు పరీక్షను బట్టి తినడమా, రక్త పరీక్షను బట్టి తినడమా?

ఉమ్మినీటి నమూనా పంపితే చాలు, మీ జన్యువులకు తగిన ఆహారమేదో చెబుతామనే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. రక్తంలో చక్కెర, కొవ్వులు, ఇనుము ఎంతున్నాయో చూసుకొని, కుటుంబంలో ఉన్న జబ్బులను గమనించి తిండిని సరిదిద్దుకోవడం పాత పద్ధతి. బరువు, మధుమేహం వంటి సాధారణ సమస్యలకు ఈ పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

బరువునే తీసుకుందాం. ఊబకాయంతో సంబంధమున్నట్టు 2007లో తేలిన ఎఫ్‌టీఓ జన్యువులో, ముప్పు పెంచే రూపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినవారు అది లేనివారికంటే సగటున 3 కిలోల బరువు మాత్రమే ఎక్కువ ఉంటారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఏడాదిపాటు ఒక జట్టుకు కొవ్వు తక్కువ ఆహారాన్ని, మరో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ ఆహారాన్ని సూచించి, 2018లో ఫలితాలను ప్రచురించారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఒక్కో జట్టులోనూ కొందరు బాగా సన్నబడగా మరికొందరు బరువు పెరిగారు; అయితే ఎవరికి ఏ ఆహారం పనిచేస్తుందో ముందే చెప్పగలవనుకున్న జన్యు రూపాలు ఆ తేడాను పట్టివ్వలేకపోయాయి. జన్యువులన్నీ ఒకటే అయిన కవలలు ఒకే భోజనం తిన్నా వారి రక్తంలో చక్కెర, కొవ్వులు వేర్వేరు స్థాయిలకు చేరడం 2020లో వెలువడిన మరో అధ్యయనంలో కనిపించింది. నిద్ర, వ్యాయామం, పేగుల్లోని సూక్ష్మజీవుల ప్రభావాన్ని రక్త పరీక్ష కొంతైనా చూపుతుంది గాని, పుట్టినప్పటి నుంచీ మారని జన్యువు చూపలేదు.

ఒకే జన్యువు దెబ్బతిన్న చోట లెక్క మారుతుంది. ఫెనిల్‌కీటోన్యూరియా ఉన్న బిడ్డలో మాంసకృత్తుల నుంచి వచ్చే ఫెనిలలనైన్‌ను మార్చే ఎంజైమ్ సరిగా పనిచేయక, ఆ పదార్థం పేరుకొని మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన తొలి రోజుల్లోనే కనిపెట్టి దానికి తగిన ఆహారం మొదలుపెడితే ఆ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. ఇక్కడ కూడా తొలి ఆచూకీ ఇచ్చేది మడమ నుంచి తీసిన రక్తపు చుక్కే కావడం గమనించాలి. గోధుమల వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి పడని సీలియాక్ జబ్బు విషయంలో మాత్రం జన్యు పరీక్ష ‘లేదు’ అని చెప్పడానికే ఎక్కువగా పనికొస్తుంది: సంబంధిత జన్యు రూపాలు లేనివారికి ఆ జబ్బు దాదాపు రాదు, ఉన్నవారిలోనూ అత్యధికులకు రాదు.

కాబట్టి ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి, అందులో అనుమానం కలిగించేది కనిపిస్తేనే జన్యు పరీక్షకు వెళ్లాలి. ‘చెడు’ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ డెసిలీటరు రక్తంలో 190 మిల్లీగ్రాములు దాటి, దగ్గరి బంధువులలో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, అది వంశపారంపర్య లోపమేమోనని వైద్యులను తప్పక అడగాలి. ఆ లోపం ఉంటే ఆహార నియమం ఒక్కటే చాలదు, మందులు కావాలి; తల్లిదండ్రులలో ఒకరికి అది ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం కనుక, తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి.