షార్లట్స్‌విల్ డౌన్‌టౌన్ మాల్ ఇటుకలు: పదమూడేళ్ల నడక తర్వాత

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న షార్లట్స్‌విల్‌లో, పాత మెయిన్ స్ట్రీట్‌ను కొన్ని బ్లాకుల మేర కార్లకు మూసివేసి, వీధి పొడవునా మట్టి ఇటుకలు పరిచి, 1976లో పాదచారులకు విడిచిపెట్టారు. ఆ వీధినే డౌన్‌టౌన్ మాల్ అంటారు. వ్యాపారమంతా శివార్లలోని షాపింగ్ సెంటర్లకు తరలిపోతున్న కాలంలో నడిబజారును నిలబెట్టుకోవడానికి ఆ నగరం చేసిన ప్రయత్నమది. రూపకల్పన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లారెన్స్ హాల్‌ప్రిన్‌ది. మా ఆఫీసు ఆ వీధిని ఆనుకున్న సందులో ఉండటం వల్ల పదమూడేళ్లుగా వారానికి ఐదు రోజులు, రోజుకు రెండుసార్లు ఆ ఇటుకలు తొక్కుతూనే ఉన్నాను. అక్కడి హోటళ్ల గురించీ దుకాణాల గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కనుక నేను కాలికింది సంగతికే పరిమితమవుతాను.

ఇప్పుడు అక్కడ కనిపించే ఇటుక 1976 నాటిది కాదు, 2009లో పరిచినది. మొదటి ఇటుకలను సిమెంటు మాలుతో కూర్చోబెట్టారు. అతుకుల్లో మాలు పగిలితే నీరు దిగుతుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక కదులుతుంది. ఒకటి కదిలాక పక్కవి ఊరుకోవు. అందుకే రెండోసారి అదే కొలతతో, అంటే 4 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవుతో చేసిన ఇటుకలను మాలు లేకుండా ఇసుక మీద పరిచారు. వరస కూడా పాతదే: చేప ముళ్లలా ఏటవాలుగా ఒకదాని నడుముకు మరొకటి తల ఆనించే హెరింగ్‌బోన్. ఈ అల్లికలో ఏ దిక్కు నుంచి తోసినా అడ్డంగా ఒక ఇటుక ఉంటుంది కాబట్టి, చక్రం మెలి తిరిగినప్పుడు వరసలు జారిపోవు.

మా నాన్న రాజమండ్రి దగ్గర నలభై ఏళ్లు తాపీ పని చేశారు. మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు మాల్‌కు తీసుకెళ్తే, దుకాణాలవైపు కన్నెత్తయినా చూడకుండా గొంతుక్కూర్చుని, జేబులోంచి ఒక నాణెం తీసి ఇటుక మీద టకటకా కొట్టారు. రెండో దాని మీదా, మూడో దాని మీదా కొట్టి, "బాగా కాలిందిరా. మనూళ్లో అయితే ఇలాంటివి ఏరి నూతి గట్టుకి దాచుకుంటారు" అన్నారు. ఆయన చెవికి తెలిసినదాన్నే ప్రమాణాలు అంకెల్లో చెబుతాయి. మన దేశంలో గోడలకు వాడే సాధారణ ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చుకున్నా భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ఒప్పుకుంటుంది. గడ్డకట్టే చలిని తట్టుకోవలసిన నడకబాట ఇటుకకు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ902 సాధారణంగా పెట్టే హద్దు 8 శాతం. పీల్చుకునే నీరు తగ్గితే లోపల గడ్డకట్టేదీ తగ్గుతుంది.

రంగు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మన ఊళ్లలో పేవర్ బ్లాకులని పరిచేవి ఎక్కువగా సిమెంటువి. వాటి ఎరుపు కలిపిన పొడి వల్ల వచ్చేది కనుక కొన్నేళ్ల ఎండకూ రాపిడికీ వెలిసి బూడిదవన్నె బయటపడుతుంది. మట్టి ఇటుక ఎరుపు మట్టిలోని ఇనుము కాలడం వల్ల వస్తుంది కాబట్టి అంచు పెచ్చు లేచినా లోపలా అదే రంగు ఉంటుంది.

ఇక ఇబ్బందులు. విల్లో ఓక్ చెట్ల నీడ ఈ వీధికి ఎంత అందమో, ఆకులు రాలే కాలంలో వాన పడితే అంత ప్రమాదం. సన్నటి ఆకులు తడి ఇటుకకు అతుక్కుని, తోలు అడుగున్న బూట్లను జారవిడుస్తాయి. మా అమ్మాయిని చక్రాల బండిలో తోసిన రెండేళ్లూ దడదడమనే ఆ అదురుకు నిద్రపోయిన పిల్ల కాస్తా లేచేది, చక్రాల కుర్చీలో వెళ్లేవారికి అది ఎంత కష్టమో అప్పుడే అర్థమైంది. అతుకుల్లోని ఇసుకను వానా, చీపురూ, నీళ్లతో కడగడమూ కొంచెం కొంచెంగా తీసుకుపోతాయి. మళ్లీ నింపకపోతే ఇటుక ఊగడం మొదలెడుతుంది. అలా అర అంగుళం కుంగిన ఒకదానికి తగిలి నేను చేతిలోని కాఫీతో సహా బోర్లాపడ్డాను.

బరువు పడే చోటే అసలు పరీక్ష. మాల్‌ను కార్లు అడ్డంగా దాటడానికి రెండు చోట్ల దారి ఇచ్చారు. వాటిలో ఒకటి ఫోర్త్ స్ట్రీట్. 2017 ఆగస్టు 12న జాత్యహంకారుల ప్రదర్శనను నిరసిస్తున్నవారి మీదికి ఒకడు కారు తోలి, వారిలో ఒకరైన హెదర్ హేయర్‌ను చంపింది ఆ వీధిలోనే. అక్కడి గోడల మీద సుద్దతో రాసిన మాటలు చూశాక వంగి అతుకులు పరీక్షించడానికి నాకెప్పుడూ మనసొప్పలేదు.

అయినా ఇసుక మీద పరచడమే మంచిదని నాకు నమ్మకం కలిగించింది ఒక మరమ్మతు. ఇద్దరు పనివాళ్లు రెండు బద్దల్లాంటి ఇనుప కడ్డీలతో మొదటి ఇటుకను ఎత్తడానికి పావుగంట తంటాలు పడ్డారు. అది వచ్చాక మిగతావి చేత్తోనే వచ్చేశాయి. ఇసుక సర్ది, చెక్కతో చదును చేసి, అవే ఇటుకలను పేర్చి, రబ్బరు సుత్తితో తట్టి, పైన పొడి ఇసుక చల్లి ఊడ్చారు. నేను భోజనం ముగించి వచ్చేసరికి జనం దాని మీద నడుస్తున్నారు. తారు రోడ్డుకైతే మచ్చ మిగిలేది.

ఇటుక వల్లే వీధి బతికిందని మాత్రం అనను. అమెరికాలో ఇలాంటి పాదచారుల వీధులు దాదాపు 200 వెలిశాయి, చాలావరకు తిరిగి కార్లకు తెరిచేశారు. 1959లోనే ఇలాంటి వీధిని మొదలుపెట్టిన మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ నగరంలోనే 1998లో కొంత భాగం వదులుకున్నారు. ఇక్కడ ప్యారమౌంట్ థియేటర్ 2004లో మళ్లీ తెరుచుకుంది, విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉంది, సాయంత్రాలు కూర్చోవడానికి చెట్ల నీడ ఉంది. ఇటుక ఆ జనానికి తగిన నేలనిచ్చింది. ఇలా పరచాలనుకునే ఊరివాళ్లు నన్నడిగితే ధరకన్నా ముందు విడి ఇటుకలు ఎన్ని దాస్తున్నారో చెప్పమంటాను, ఎందుకంటే పదేళ్ల తర్వాత వేరే బట్టీ నుంచి తెచ్చి వేసిన నాలుగు ఇటుకలు నలభై అడుగుల దూరం నుంచే కనిపిస్తాయి.