రొయ్యల చెరువుల మెష్‌లో వాయిస్ కాల్స్ మీద నిఘా: పింగా, క్యాప్చరా, ఫోన్ చెప్పే లెక్కా?

భీమవరం, పాలకొల్లు వైపు చెరువుగట్ల మీద షెడ్డుకో వైఫై నోడ్ పెట్టి, మెష్ (నోడ్లు ఒకదాని నుంచి ఒకటి డేటా అందించుకునే నెట్‌వర్క్) కట్టి, కాపలా మనిషికీ ఆఫీసుకీ మధ్య ఐపీ ఫోన్లు నడుపుకోవచ్చు. కట్టడం ఒక ఎత్తు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ "హలో, వినబడట్లేదండీ" అంటే తప్పెక్కడుందో పట్టుకోవడం ఇంకో ఎత్తు.

చాలామంది పెట్టేది పింగ్, అంటే నోడ్‌కు ఒక ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) పంపి జవాబు వస్తుందా అని చూడడం. నోడ్ బతికుందో లేదో చెబుతుంది, అంతవరకే. మామూలుగా అది సెకనుకు ఒక్క ప్యాకెట్ పంపుతుంది. జి.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) కాల్ అయితే 20 మిల్లీసెకన్లకొకటి చొప్పున, ఒక్కో వైపు నుంచి సెకనుకు 50 వెళ్తాయి. గాలికి కొబ్బరి మట్ట అడ్డమొచ్చి అర సెకను లింకు పోతే 25 ప్యాకెట్లు గల్లంతై మాట తెగుతుంది. అదంతా రెండు పింగ్‌ల మధ్య జరిగిపోతే మన స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది.

క్యాప్చర్ (వెళ్లే ప్యాకెట్లను పట్టి దాచుకోవడం) సంగతి వేరు. వైర్‌షార్క్ అనే ప్యాకెట్లు చూసే సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌టీపీ (మాటను మోసే ప్రోటోకాల్) వరుస సంఖ్యలు చూస్తే ఏవి పోయాయో, జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వేళల్లో హెచ్చుతగ్గులు) ఎంతో అన్నీ బయటపడతాయి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. చిక్కల్లా ఎక్కడ పట్టాలన్నదే. పక్కపక్క షెడ్లవాళ్లు మాట్లాడుకుంటే ఆ ప్యాకెట్లు గేట్‌వే (మెష్‌కు ఆఫీసు వైపు ద్వారం) దాకా రానే రావు. ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్‌లో డైరెక్ట్ మీడియా (ఫోన్లు నేరుగా మాట పంపుకోవడం) ఆపేస్తే మాటంతా సర్వర్ మీదుగా వస్తుంది, నిజమే. కానీ మనం చూసుకోవడం కోసం పక్క షెడ్డు కాల్‌ని ఆఫీసు దాకా తిప్పడం ఏం న్యాయం? పోనీ దూరపు నోడ్‌లోనే పట్టి, కాపీని మెష్ మీద పంపుదామా? ఒక కాల్‌కి రెండు వైపులా కలిపి సెకనుకు 100 ప్యాకెట్లు. ఒకే ఛానెల్ మీద మూడు హాప్‌లు (నోడ్ నుంచి నోడ్‌కు ఒక్కో అంచె) దాటాలంటే గాలిలో 300 ప్రసారాలు. కాపీకి ఇంకో 300. కాల్ ఎందుకు తెగుతోందో చూడబోయి మనమే తెంపుతాం.

ఇంకోటి, ఎన్‌క్రిప్షన్ లేని కాల్ పట్టామంటే మనుషుల మాటలు మన డిస్క్‌లోకి వచ్చినట్టే. హెడర్ల (ప్యాకెట్ ముందుండే వరుస సంఖ్య, టైమ్ వంటి వివరాలు) వరకే దాచండి, నాణ్యత లెక్కకు అవి చాలు. ఎస్‌ఆర్‌టీపీ (మాటను ఎన్‌క్రిప్ట్ చేసే ఆర్‌టీపీ) వాడినా ఆర్‌టీపీ హెడర్ తెరిచే ఉంటుంది.

రోజువారీ నిఘాకి నా ఓటు ఆర్‌టీసీపీకే, అంటే ఆర్‌టీపీకి తోడుగా నడిచే నివేదికల ప్రోటోకాల్‌కి. కాల్ నడుస్తుండగా సుమారు 5 సెకన్లకోసారి ఫోన్లే ఒకదానికొకటి నష్టం, జిట్టర్ చెప్పుకుంటాయి. కాల్ అయ్యాక ఆ లెక్కను సర్వర్‌కు పంపే పద్ధతి 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6035 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. గాలి మీద పడే బరువు నామమాత్రం. అయితే చౌక ఫోన్లలో ఈ సౌకర్యం ఉండకపోవచ్చు, కొనేముందే చూసుకోవాలి.

ఈ లెక్క ఈ కొస నుంచి ఆ కొసకే. మధ్యలో ఏ హాప్ చెడిందో చెప్పదు. అందుకు నోడ్ల సిగ్నల్, రీట్రై (అందక మళ్లీ పంపిన) లెక్కలు పక్కన పెట్టి టైమ్ సరిచూడాలి. ఏరియేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఒక్కసారిగా ఆన్ చేస్తే వోల్టేజ్ పడి నోడ్ రీబూట్ కావచ్చు. బ్యాటరీ గడియారం లేని రౌటర్ అప్పుడు తప్పు టైమ్‌తో లేస్తుంది, లాగ్‌లు ఒకదానికొకటి అతకవు. కాబట్టి ఆఫీసులోనే ఒక ఎన్‌టీపీ సర్వర్ (నోడ్లకు సరైన టైమ్ ఇచ్చేది) పెట్టి, నోడ్లకు చిన్న బ్యాటరీ బ్యాకప్ ఇవ్వండి. ఒకే జత షెడ్ల మధ్య నష్టం పదేపదే కనబడితే, అప్పుడు ఆ రెండు చివర్లా ల్యాప్‌టాప్ పెట్టి కాసేపు క్యాప్చర్ చేయండి.