శీతాకాలపు టైర్లు: కొనదగినవేనా, తప్పనిసరి చేయదగినవేనా?

మంచు కురిసే ప్రాంతాల్లో కారు యజమానులకు చలికాలం తెచ్చిపెట్టే ఖర్చుల్లో టైర్లది పెద్ద వాటా. ఉన్న టైర్లు బాగానే ఉండగా మరో నాలుగు ఎందుకు కొనాలి, వాటితో నిజంగా తేడా ఉంటుందా, ఉంటే ప్రభుత్వం అందరి చేతా కొనిపించాలా అనే ప్రశ్నలు మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మేకులు (పట్టు కోసం ట్రెడ్‌లో, అంటే రోడ్డును తాకే భాగంలో, గుచ్చే లోహపు ముక్కలు) లేని శీతాకాలపు టైర్లను కొన్నేళ్ళుగా నా కారుకు వాడుతున్నాను కాబట్టి వాటి పనితీరు, లోపాలు, ఖర్చు చెప్పి ఆ తర్వాత చట్టం సంగతికి వస్తాను. నెలల తరబడి మంచు ఉండే ప్రాంతాల్లో వీటిని తప్పనిసరి చేయాలన్నదే నా అభిప్రాయం. అయితే ఆ నిబంధన టైరు మీద రాసిన పేరుతో సరిపెట్టుకోకుండా, మంచులో అది ఇచ్చే పట్టును లెక్కలోకి తీసుకోవాలి.

ముందుగా రబ్బరు. వేసవి టైరులోని మిశ్రమాన్ని వేడి రోడ్డు మీద త్వరగా అరగకుండా, అతిగా మెత్తబడకుండా ఉండేలా తయారు చేస్తారు. ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గేకొద్దీ అది బిగుసుకుపోయి, రోడ్డులోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళలోకి ఒదగలేక పట్టు కోల్పోతుంది. ఈ 7 డిగ్రీలు అన్ని టైర్లకూ ఒకేలా వర్తించే హద్దు కాకపోయినా, టైర్లు మార్చే సమయం తెలుసుకోవడానికి పనికొచ్చే గుర్తు. శీతాకాలపు టైరులో సిలికా, సహజ రబ్బరు పాళ్ళు పెంచి, గడ్డకట్టే చలిలోనూ మెత్తదనం పోకుండా చూస్తారు. బాగా చలిగా ఉన్న ఉదయం రెండు రకాల టైర్లనూ పక్కపక్కన పెట్టి ట్రెడ్ దిమ్మను బొటనవేలి గోటితో నొక్కితే తేడా చేతికే తెలుస్తుంది. వేసవి టైరు గోటికి లొంగదు. శీతాకాలపు టైరు లోపలికి ఒదిగి, వేలు తీయగానే మళ్ళీ లేస్తుంది.

ట్రెడ్ నిర్మాణం కూడా వేరుగానే ఉంటుంది. ప్రతి దిమ్మ మీదా వంకరటింకరగా సన్నని చీలికలు కోసి ఉంటాయి. వీటిని సైపులు అంటారు. బండి బరువు పడి దిమ్మ వంగినప్పుడు ఈ చీలికలు విచ్చుకుని, వాటి అంచులు మంచును గీరి పట్టుకుంటాయి. గడ్డమంచు మీద చక్రం కింద ఏర్పడే పలుచని నీటి పొరను కొంతవరకు తమలోకి తీసుకునేవీ ఇవే. వెడల్పైన గాడులు మంచును నింపుకుని నొక్కి పెడతాయి. మంచు మంచుకు బాగా అతుకుతుంది గనుక, గాడిలో ఇరుక్కున్న మంచే రోడ్డు మీది మంచును పట్టుకుని బండిని కదిలిస్తుంది. గాడుల్లో మంచు పేరుకోవడం చూసి టైరు సరిగా లేదేమోనని అనుమానపడనక్కర్లేదు, అది తన పని తాను చేస్తోందని అర్థం.

నడిపేటప్పుడు కదలడం, మలుపు తిరగడం, ఆగడం అనే మూడింటిలో కదలడంలోని తేడా అందరికీ వెంటనే తెలుస్తుంది కానీ, దానికి ప్రాణాలతో ఉన్న సంబంధం తక్కువ. ఆల్ వీల్ డ్రైవ్ కారు కొన్నవారు ఇక టైర్ల అవసరం తీరిందనుకునేది కూడా ఇక్కడే. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందితే బండి మంచులోంచి సులువుగా బయలుదేరుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగే విషయంలో మాత్రం ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉన్నవే, ఆల్ వీల్ డ్రైవ్ అక్కడ కొత్తగా ఇచ్చేదేమీ లేదు. పైగా బండి ఇబ్బంది లేకుండా వేగం అందుకోవడం వల్ల రోడ్డు ఎంత జారుడుగా ఉందో నడిపే మనిషికి తెలియకుండా పోతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకు తిరిగిపోకుండా చూసేది) వంటివి ఉన్న పట్టును చక్కగా వాడుకుంటాయి, లేని పట్టును తెచ్చిపెట్టలేవు.

ఈ టైర్ల విలువ నాకు ఎక్కువగా తెలిసేది కూడళ్ళ దగ్గర. ఎరుపు దీపం ముందు బళ్ళన్నీ బ్రేకు వేసి, మళ్ళీ చక్రాలు జారిస్తూ బయలుదేరే చోట మంచు నునుపెక్కి అద్దంలా తయారవుతుంది. అరిగిన ఆల్ సీజన్ టైర్లతో, అంటే ఏడాది పొడవునా వాడే రకంతో, అక్కడ బ్రేకు తొక్కితే ఏబీఎస్ వల్ల పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది, బండి గీత దాటి జారుతూనే ఉంటుంది. శీతాకాలపు టైర్లతో అదే చోట పెడల్ కొద్దిగా అదిరి బండి నిలుస్తుంది. గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తున్న రెండు కార్లలో ఒకదానికి మంచు మీద ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే సంఖ్య) 0.3, రెండోదానికి 0.2 అనుకుని లెక్క వేసి చూడండి. ఒకేచోట బ్రేకు వేస్తే మొదటిది సుమారు 33 మీటర్లలో ఆగుతుంది, రెండోదానికి సుమారు 49 మీటర్లు పడుతుంది. మొదటి కారు పూర్తిగా ఆగిన చోటును దాటేటప్పుడు రెండో కారు ఇంకా గంటకు దాదాపు 29 కి.మీ. వేగంతో ఉంటుంది. ఆ మధ్యలో ఉన్న 16 మీటర్లలో రోడ్డు దాటుతున్న పిల్లలుండవచ్చు, ముందు ఆగిన మరో కారు ఉండవచ్చు. తన టైర్లు తన ఇష్టమని ఎవరైనా అన్నప్పుడు నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే: టైరుకు పట్టు లేకపోతే ఆ నష్టం దాని యజమాని ఒక్కడితో ఆగదు.

లోపాలు లేవని కాదు. పొడి రోడ్డు మీద, ముఖ్యంగా ఎండ కాస్తున్న రోజుల్లో, ఈ టైర్లతో స్టీరింగు కాస్త మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపిస్తుంది. ఆగే దూరం కూడా వేసవి టైర్లకంటే పెరుగుతుంది. మెత్తని రబ్బరు వెచ్చని రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది గనుక వసంతం రాగానే తీసేయాలి. చప్పుడు కొంత ఎక్కువే. అన్నిటికంటే ముఖ్యంగా, గడ్డమంచు మీద ఏ టైరూ పొడి రోడ్డు మీది పట్టును ఇవ్వలేదు. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉండి మంచు మీద తడి నిలిచినప్పుడు అత్యంత జారుడుగా ఉంటుంది. అప్పుడు ఎంత మంచి టైర్లున్నా వేగం తగ్గించి, ముందు బండికి ఎక్కువ దూరం వదలడం తప్పదు.

కొనేవారు మోసపోయే చోటు, చట్టాలు కూడా తడబడే చోటు, టైరు మీది గుర్తు. టైరు పక్క భాగంలో ‘ఎం ప్లస్ ఎస్’ అనే అక్షరాలు చాలా ఆల్ సీజన్ టైర్ల మీద కూడా కనిపిస్తాయి. బురదకు, మంచుకు పనికొస్తుందని దాని భావం. కానీ ఆ అక్షరాలు వేయడానికి మంచులో పరీక్ష నెగ్గాల్సిన పనిలేదు, తయారీదారు చెప్పుకుంటే చాలు. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు రేకు ఉన్న గుర్తు అలా కాదు. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన ఆ గుర్తు దక్కాలంటే, గట్టిపడిన మంచు మీద ప్రామాణిక టైరుకంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపాలి. ఇదేమీ గొప్ప హద్దు కాదు. గడ్డమంచు మీద పట్టును ఆ పరీక్ష కొలవదు. అందుకే ఐరోపా సమాఖ్య 2021 మే నుంచి అమలు చేస్తున్న టైరు లేబుల్‌లో గడ్డమంచు పట్టుకు వేరే గుర్తు చేర్చింది. అయినా కనీస అర్హతగా కొండ గుర్తును అడగడం, కేవలం అక్షరాలను నమ్మడంకంటే ఎంతో మేలు.

ఈ దృష్టితో చూస్తే ఇప్పుడున్న చట్టాల్లో తేడాలు అర్థమవుతాయి. కెనడాలోని క్యూబెక్ 2008-09 శీతాకాలంలో ఈ నిబంధనను మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కొండ గుర్తు ఉన్న టైర్లు గానీ మేకుల టైర్లు గానీ ఉండాలి, లేకపోతే 200 నుంచి 300 డాలర్ల జరిమానా పడుతుంది. తేదీలు స్పష్టంగా ఉన్నాయి, గుర్తు స్పష్టంగా ఉంది. నాకు బాగా నచ్చిన నిబంధన ఇది. అదే దేశంలోని బ్రిటిష్ కొలంబియా, అక్టోబరు 1 నుంచి చాలా పర్వత రహదారుల మీద శీతాకాలపు టైర్లు ఉండాలంటూనే, 3.5 మి.మీ. ట్రెడ్ ఉంటే ‘ఎం ప్లస్ ఎస్’ టైర్లను కూడా అనుమతిస్తుంది. కొండదారుల మీద పెట్టిన నిబంధనకు ఇది పెద్ద లోటని నేను భావిస్తున్నాను. జర్మనీ ఈ లోటును సరిదిద్దుకుంది: అక్కడ 2024 అక్టోబరు నుంచి కొండ గుర్తు ఉన్నవే శీతాకాలపు టైర్లుగా చెల్లుతున్నాయి.

జర్మనీలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచు, బురదమంచు, గడ్డమంచు ఉన్నప్పుడు మాత్రమే నిబంధన వర్తిస్తుంది. స్వీడన్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు అన్న తేదీలతో పాటు రోడ్డు పరిస్థితిని కూడా చూస్తారు. పరిస్థితిని బట్టి అనే పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది, మంచు పడని వారాల్లో ఎవరినీ ఇబ్బంది పెట్టదు. కానీ మంచు ముందే చెప్పి రాదు, టైర్లు అరగంటలో మారవు. తొలి మంచు పడిన ఉదయాన టైర్ల దుకాణాల ముందు వరుసలు కట్టే కార్లలో చాలామటుకు పాత టైర్లతోనే అక్కడికి వచ్చి ఉంటాయి. కాబట్టి మంచు ఏటా తప్పకుండా వచ్చే చోట తేదీలే ఉండాలి. అరుదుగా పడే చోట అంత కఠినత్వం అన్యాయమవుతుంది. అక్కడ ఫ్రాన్స్ 2021 నుంచి తన పర్వత ప్రాంతాల్లో చేస్తున్నట్టు, నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు శీతాకాలపు టైర్లు గానీ, బండిలో సిద్ధంగా చక్రాలకు చుట్టే గొలుసులు గానీ ఉంటే చాలనడం సబబు.

మేకుల టైర్ల గురించి రెండు మాటలు. అవి గడ్డమంచు మీద బాగా పనిచేస్తాయి, కానీ మంచు లేని రోడ్డును తొలిచి దుమ్ము లేపుతాయి. ఆ దుమ్ము బాధ భరించలేక జపాన్ 1990లో వాటిని అరికట్టే చట్టం చేసింది. నార్వేలో ఓస్లో వంటి నగరాలు వాటికి రుసుము వసూలు చేస్తాయి. మేకులు లేని టైర్లు ఇప్పుడు ఎంతో మెరుగుపడ్డాయి గనుక, తప్పనిసరి నిబంధన వస్తే నగరాల్లో దుమ్ము పెరుగుతుందని భయపడనవసరం లేదు.

ఖర్చు గురించిన అభ్యంతరం మాత్రం నిజమైనది, దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. చలికాలమంతా వేసవి టైర్లు పక్కన ఉంటాయి, వాటి ఆయుష్షు ఆ మేరకు పెరుగుతుంది. అంటే టైర్ల ధరలో కొంత భాగం తర్వాత తిరిగి కలిసివస్తుంది. కలిసిరానివి అదనపు రిమ్ములు, ఏటా రెండుసార్లు మార్పించే కూలి, చోటు లేనివారికి దాచుకునే అద్దె. వీటన్నిటినీ ఒకేసారి భరించలేని కుటుంబం ఉద్యోగానికి కారు మీదే ఆధారపడి ఉండవచ్చు. అలాంటివారికి జరిమానా చీటీ ఒక్కటే చేతికిస్తే నిబంధన పేదలమీద పన్నుగా మారుతుంది. కెనడాలోని మానిటోబా రాష్ట్ర ప్రభుత్వ బీమా సంస్థ ఈ టైర్ల కోసం తక్కువ వడ్డీకి అప్పు ఇస్తోంది. అదే దేశంలోని ఆంటారియో రాష్ట్రంలో 2016 నుంచి బీమా కంపెనీలన్నీ శీతాకాలపు టైర్లకు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. ఈ రెండు చోట్లా ఈ టైర్లు చట్టరీత్యా తప్పనిసరి కాకపోవడం గమనించదగ్గది. తప్పనిసరి చేసే ప్రభుత్వానికి ఈ సాయం ఇంకా ఎక్కువ బాధ్యత.

నిబంధన ఉన్నా లేకపోయినా, కొనేటప్పుడు నాలుగూ ఒకేరకంవి కొనాలి. డబ్బు మిగులుతుందని ముందు చక్రాలకు రెండే వేయించుకుంటే, బ్రేకు వేసినప్పుడు, మలుపులో, పట్టు లేని వెనుక భాగం పక్కకు తిరిగిపోతుంది. పక్క భాగంలో ఉండే నాలుగంకెలు చూడాలి. 3523 అని ఉంటే 2023లో 35వ వారంలో తయారైందని అర్థం. ఎంతో కాలం గోదాములో ఉన్న టైరును తగ్గింపు ధరకు తీసుకోవడం లాభం కాదు. చలిలో గాలి సంకోచిస్తుంది కాబట్టి ఒత్తిడిని తరచుగా, టైర్లు చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలి. ట్రెడ్ 1.6 మి.మీ. ఉంటే చాలన్నది చాలాచోట్ల మామూలు నియమమైనా, స్వీడన్, ఫిన్లాండ్‌లు శీతాకాలపు టైర్లకు 3 మి.మీ. అడుగుతాయి, ఆస్ట్రియా 4 మి.మీ. అడుగుతుంది. నేను 4 దగ్గరే మార్చేస్తాను, ఎందుకంటే గాడి లోతు తగ్గితే అది నింపుకోవలసిన మంచుకు చోటు ఉండదు. అద్దెకు కారు తీసుకునేవారు కూడా తాళాలు పుచ్చుకునే ముందు వంగి నాలుగు టైర్ల మీదా కొండ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి; క్యూబెక్‌లో ఈ నిబంధన టాక్సీలకు, అద్దె కార్లకు కూడా వర్తిస్తుంది, మిగతా చోట్ల కూడా అలాగే ఉండాలి.