స్టీరియోగా వైరింగ్ చేయించిన గిటార్ బాక్సు: ఏళ్ల తరబడి వాడాక

హనుమకొండలో కట్టించుకున్న ఈ గిటార్ స్పీకర్ బాక్సును ఏళ్లుగా వాడుతున్నాను. లోపల 12 అంగుళాల స్పీకర్లు రెండు, ఒక్కోటి 8 ఓమ్స్. ఎడమ స్పీకర్‌కు ఒక జాక్, కుడి స్పీకర్‌కు ఇంకో జాక్. లోపల ఒకదాని వైరు ఇంకోదానికి ఎక్కడా కలవదు. ఇంట్లో ప్రాక్టీసుకు, కాజీపేటలో చర్చి క్వయర్‌కు, కరీంనగర్, జమ్మికుంట దాకా పెళ్లి ఆర్కెస్ట్రాలకు, అన్నిటికీ ఇదే బాక్సు. స్టీరియో బాక్సు చేయించుకుందామనుకునేవాళ్లు ముందుగా ఏ స్పీకర్లు వేశావని అడుగుతారు. నేను వైరింగ్ దగ్గర మొదలుపెడతాను. స్పీకర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, వైరింగ్‌లో తేడా వస్తే యాంప్ (యాంప్లిఫయర్) పోతుంది.

నా యాంప్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3116డి2 చిప్ ఉన్న రెండు చానెళ్ల క్లాస్ డి బోర్డు. ఇలాంటి యాంపుల్లో స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. నెగెటివ్ అని రాసి ఉన్నది గ్రౌండ్ (సిగ్నల్ లేని ఉమ్మడి వైరు) కాదు. రెండు చానెళ్ల నెగెటివ్‌లు ఒకటిగా కలిపినా, ఒకదాన్ని గ్రౌండ్‌కు తగిలించినా షార్ట్ చేసినట్టే. ఈ చిప్‌లో షార్ట్ నుంచి రక్షణ ఉంది, కానీ దాన్ని నమ్ముకుని వైరింగ్ చేయకూడదు.

సోల్డరింగ్ చేసిపెట్టిన రిపేరు షాపు అన్న ముందు ఇదే అడిగాడు. "నెగెటివ్ ఒక్కటే గద తమ్మీ, మూడు వైర్లు చాల్తయ్ గదా?" లేదన్నా, దీంట్లో నెగెటివ్ గ్రౌండ్ కాదని చెప్పాను. "ఓ, కారు స్టీరియో లెక్కనా? అయితే నాలుగు తీయాల్సిందే" అన్నాడు. కారు స్టీరియోలు బిగించి అలవాటున్నవాళ్లకు ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది, వాటి స్పీకర్ వైర్లనూ బాడీకి తగలనివ్వరు కదా. మీ ఊళ్లో ఈ పని చేసిపెట్టేవాళ్లు దొరక్కపోతే కారు ఆడియో మెకానిక్‌ను పట్టుకోండి.

వైర్లు నాలుగు తీసినంత మాత్రాన పని అయిపోదు. మార్కెట్లో దొరికే జాక్ ప్లేట్లలో చాలావరకు ఇనుపవి. ఇనుప జాకులు రెండూ ఇనుప ప్లేటుకే బిగిస్తే, ప్లేటు గుండా నెగెటివ్‌లు కలిసిపోతాయి. అందుకే ప్లాస్టిక్ ఒళ్లున్న జాకులు వేయించాను. ఒకే స్టీరియో జాక్‌లో రెండు స్పీకర్లూ సర్దేయడం కూడా ఈ యాంపుకు పనికిరాదు, అందులోనూ నెగెటివ్ ఉమ్మడిగానే ఉంటుంది.

యాంప్ తగిలించే ముందు రెండు పరీక్షలు చేయండి. పసుపు రంగు చవక మల్టీమీటరు చాలు. జాక్‌లో ఖాళీ కేబుల్ పెట్టి, అవతలి కొసన చూస్తే 8 ఓమ్స్ స్పీకర్ ఆరున్నర, ఏడు ఓమ్స్ దగ్గర చూపిస్తుంది. స్పీకర్ మీద రాసే 8 ఏసీ లెక్క, మీటరు చూసేది డీసీ, కాబట్టి ఆ తక్కువ చూసి టెన్షన్ పడొద్దు. తర్వాత ఎడమ కేబుల్ నెగెటివ్‌కు ఒక ముల్లు, కుడి కేబుల్ నెగెటివ్‌కు ఇంకో ముల్లు ఆనించాలి. మీటరు ఎడమ పక్కన ఉత్త 1 మాత్రమే కనబడాలి, అంటే రెండూ ఎక్కడా కలవలేదని. ఇంకేదైనా అంకె వచ్చిందంటే లోపల ఎక్కడో కలిసినట్టు.

రెండో పరీక్షకు 9 వోల్టుల బ్యాటరీ. దాని ప్లస్‌ను పిన్ను మొనకు, మైనస్‌ను పిన్ను ఒంటికి అర సెకను తాకించి తీసేయాలి. టప్‌మని చప్పుడు వచ్చి కోన్ (స్పీకర్‌లో ఊగే కాగితపు గిన్నె) బయటికి రావాలి. స్పీకర్ల ముందున్న గుడ్డ గుండా టార్చ్ వేసి చూస్తే ఆ కదలిక స్పష్టంగా తెలుస్తుంది. రెండు స్పీకర్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతే రెండూ కలిసి మోగినప్పుడు బేస్ పల్చబడిపోతుంది.

మోనో, స్టీరియో మార్చుకునే స్విచ్ పెట్టించమని చాలామంది సలహా ఇచ్చారు. వద్దన్నాను, ఇప్పటికీ అదే మాట. మార్షల్ కంపెనీ 1960ఏ గిటార్ బాక్సులో అలాంటి స్విచ్ ఉంది. 16 ఓమ్స్ స్పీకర్లు నాలుగు, మోనోలో 4 లేదా 16 ఓమ్స్, స్టీరియోలో పక్కకు 8 చొప్పున. అది బాగా ఆలోచించి చేసిన ఏర్పాటే. కానీ స్పీకర్లను లోపల కలిపే స్విచ్ ఏదైనా, రెండు చానెళ్లూ తగిలించి ఉండగా ఎవరి చేయో తగిలి మోనోకు మారితే రెండు యాంపుల అవుట్‌పుట్‌లు ఒకదానిలో ఒకటి పోసుకుంటాయి. పెళ్లి స్టేజీ మీద, చీకట్లో, పిల్లలు తిరిగేచోట అది నాకు ఇష్టం లేదు. మోనో కావాలంటే మార్గం సులువు. ట్యూబ్ యాంపులకు వెనక సాధారణంగా రెండు స్పీకర్ జాకులు ప్యారలల్‌గా ఉంటాయి. అలాంటిదైతే రెండూ బాక్సుకు పెట్టి, యాంప్‌ను 4 ఓమ్స్‌కు తిప్పితే సరిపోతుంది, 8 ఓమ్స్ స్పీకర్లు రెండు ప్యారలల్‌గా కలిస్తే 4 అవుతాయి కాబట్టి.

ఇక సౌండ్. నా స్పీకర్లు సెలెస్టియన్ వింటేజ్ 30లు, ఒక్కోటి 60 వాట్లు, 100 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే సౌండ్). టీపీఏ3116డి2 బోర్డు 4 ఓమ్స్ దగ్గర 50 వాట్లు ఇస్తుంది గానీ, 8 ఓమ్స్ మీద 24 వోల్టులతో చానెల్‌కు 30 వాట్లే. ఆ తేడా రెండు డెసిబెల్స్ పైచిలుకు, చెవికి కొంచెమే. డ్రమ్స్ పక్కన వాయించినా నాకు ఎన్నడూ తక్కువ కాలేదు.

స్టీరియో విలువ గిటార్‌కు కోరస్ ఎఫెక్ట్ వేసినప్పుడు తెలుస్తుంది. 1975లో రోలాండ్ తెచ్చిన జేసీ-120 గిటార్ యాంప్ చేసే పని ఇదే. ఒక స్పీకర్‌లో గిటార్ ఉన్నదున్నట్టు, రెండోదానిలో శ్రుతి కాస్త ఊగుతూ వస్తుంది. రెండూ గాలిలో కలుస్తాయి. నా ఎఫెక్ట్స్ పెడల్ రెండు అవుట్‌పుట్‌లనూ అలాగే సెట్ చేసి, క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ బాక్సు సౌండును అనుకరించే సెట్టింగ్) ఆపేసి వాయిస్తే, క్వయర్‌లో నిదానంగా నడిచే పాటలకు తీగ మీటగానే ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఒక్క సౌండ్ కోసమే ఈ బాక్సు మళ్లీ కట్టించుకుంటాను.

అయితే స్పీకర్ల నడిమధ్యలు అడుగు దూరం పైమాటే, అంతే. ముందు నిలబడ్డవాళ్లకు, వాయించేవాడికి తెలిసినంతగా హాలు వెనక కూర్చున్నవాళ్లకు ఎడమ కుడి తేడా తెలియదు. డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ మళ్లీ వచ్చే ఎఫెక్ట్) అటూ ఇటూ ఎగరాలనుకుంటే ఒక్కో స్పీకర్‌తో రెండు చిన్న బాక్సులు కొట్టించి దూరంగా పెట్టుకోవడమే మేలు. పెద్ద ఫంక్షన్ హాల్లో సౌండ్ వాళ్లు అలవాటుగా ఒకే మైకు పెడతారు. అలా పెడితే సగం గిటారే వెళ్తుంది. రెండు మైకులు అడిగి తీసుకోండి.

బాక్సు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో అడ్డు చెక్క. ఆ చెక్క వల్ల ఒక స్పీకర్ ఊపు రెండోదాన్ని కదపదు. రెక్సిన్ సోఫాల షాపులో వేయించాను, రోహిణి కార్తె ఎండల్లో ఆటోల మీద తిరిగి కింది మూలల్లో గమ్ము వదిలింది. స్పీకర్ల బరువే తొమ్మిది కిలోలు దాటుతుంది కాబట్టి మెట్లెక్కించడానికి ఇద్దరు కావాలి. వైబ్రేషన్‌కు స్పీకర్ ట్యాగులకు (వైరు తగిలించే రేకులకు) తొడిగిన లగ్గులు వదులై ఒక చానెల్ గరగరలాడింది. ప్లయర్‌తో నొక్కి, పైన సోల్డర్ పెట్టించాక మళ్లీ ఆ బాధ లేదు. లోపలి వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు ఫ్లెక్సిబుల్ కరెంటు వైరే, ఏమీ కాలేదు.

మార్చేది ఒకటే ఉంది, జాకులు. పావు అంగుళం జాక్‌కు గిటార్ కేబుల్ కూడా పడుతుంది. సన్నటి ఆ కేబుల్‌ను స్పీకర్‌కు వాడకూడదు, అందుకే నా స్పీకర్ కేబుళ్లకు ఎర్ర టేపు చుట్టి ఉంచుతాను. ఇప్పుడు కొత్తగా కట్టించుకునేవాళ్లు నాలుగు పోళ్ల స్పీకాన్ వేయించుకోండి. నాలుగు వైర్లూ ఒకే కనెక్టర్‌లో విడివిడిగా ఉంటాయి, తిప్పితే లాక్ అవుతుంది. మన దగ్గర సౌండ్ సిస్టమ్ వాళ్లందరి దగ్గరా అవే కేబుళ్లు. కాకపోతే వాటిలో చాలావాటికి 1+, 1− మాత్రమే కలిపి ఉంటాయి, అరువు తెచ్చుకున్న కేబుల్‌తో కుడి స్పీకర్ మోగకపోతే ముందు కనెక్టర్ విప్పి 2+, 2−లకు వైర్లు ఉన్నాయో లేదో చూడండి.