తెలుగు వికీపీడియాలో ఆరేళ్లు: హనుమకొండ నుంచి ఒక వాడుకరి సమీక్ష

2019 ఎండాకాలంలో అకౌంట్ తెరిచాను. పెద్ద ఆశయమేమీ లేదు. మా తల్లిగారి ఊరి పేజీలో చెరువు పేరు తప్పు పడింది, దాన్ని సరిచేయాలి, అంతే. పైన "మార్చు" అని ఉంటే నొక్కాను, పేరు దిద్దాను, కింద "మార్పులను ప్రచురించు" నొక్కాను. అయిపోయింది. ఎవరినీ అడగకుండా, ఎవరి సంతకమూ లేకుండా ఒక పని జరిగిపోవడం నాకు కొత్త. ఆరేళ్లు దాటింది, ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇది ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, వాళ్లను ఇందులోకి తేవాలని చూసేవాళ్ల కోసం రాస్తున్నాను.

వాడకం సంగతి తొందరగా చెప్పేస్తాను. అచ్చుతప్పులు దిద్దడానికి ఫోన్ చాలు. కొత్త పేజీ రాయాలంటే కంప్యూటర్ ఉంటేనే నయం, ముఖ్యంగా మూలాలు (రాసింది ఎక్కడిదో చూపించే ఆధారాలు) చేర్చేటప్పుడు. విజువల్ ఎడిటర్ పెట్టుకుంటే బ్రాకెట్లు, గుర్తులు కనబడవు, మామూలుగా టైపు చేసుకుంటూ పోవచ్చు. తెలుగు టైపింగ్ రాదని భయపడక్కర్లేదు, వాట్సాప్‌లో తెలుగులో మెసేజ్ పెట్టగలిగితే ఇదీ వస్తుంది.

భయం ఇంకోచోట ఉంది. మా వదినకు నేర్పిద్దామని కూర్చోబెడితే "ప్రచురించు" దగ్గర వేలు ఆగిపోయింది. "ఇది పేపర్ల పడ్తదా ఏంది? తప్పుంటే నవ్వుతరు గద" అంది. తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు, పాత రూపం ఆ పేజీ "చరిత్ర"లో, అంటే మార్పుల జాబితాలో, భద్రంగా ఉంటుంది, ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు అని చూపించాకే నమ్మింది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట "చరిత్ర" పేజీ చూపిస్తాను. రాయడం తర్వాత.

అసలు పేరు, ఫొటో ఇవ్వక్కర్లేదన్నది ఆడవాళ్లకు చాలా పెద్ద సౌకర్యం. నేను ఒక పువ్వు పేరుతో రాస్తున్నాను. దాంతో ఓ తమాషా జరిగింది. మొదటి రెండేళ్లు నా చర్చ పేజీలో ఒకరిద్దరు నన్ను "సోదరా" అనే పిలిచారు. ఇంత రాసేది మగవాళ్లే అయి ఉంటారని లెక్క! కోపం రాలేదు, నవ్వొచ్చింది. "అభిరుచులు" అనే సెట్టింగుల పేజీలో మన గురించి "ఆమె" అని చెప్పుకునే వీలుందని తర్వాత తెలిసింది. "వాడుకరి" అన్న మాట మాత్రం బాగుంది, ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది.

నేను రాసిన మొదటి పూర్తి పేజీ రెండు రోజుల్లో పోయింది. తప్పు నాదే, ఒక పుస్తకంలోంచి మూడు పేరాలు ఎత్తి పెట్టాను. కాపీహక్కుల సంగతి అప్పటికి తెలియదు. ఎందుకు తీసేశారో వికీ వాడుకరులు చర్చించుకునే "రచ్చబండ" పేజీలో అడిగితే ఒకరు ఓపికగా విడమరిచి చెప్పారు. ఆ జవాబు రాకపోతే నేను అక్కడితో మానేసేదాన్ని. కొత్తవాళ్లు నిలబడేదీ వెళ్లిపోయేదీ ఈ మొదటి జవాబు మీదే అని నా నమ్మకం.

లెక్కలు కూడా అంత ఉత్సాహంగా లేవు. 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ చేసిన సర్వేలో రాసేవాళ్లలో ఆడవాళ్లు పది శాతం కూడా తేలలేదు. 2015 నాటికి 25 శాతం చేయాలని అప్పట్లో గురి పెట్టుకున్నారు, కుదరలేదు. 2015లోనే మొదలైన "విమెన్ ఇన్ రెడ్" అనే వికీ వాడుకరుల బృందం వాళ్లు మాత్రం పేజీలు లేని ఆడవాళ్ల జాబితాలు పెట్టుకుని రాస్తూ వచ్చారు. 2014 చివర్లో ఇంగ్లిషు వికీలోని జీవిత చరిత్రల్లో ఆడవాళ్లవి 15 శాతం పైచిలుకు, ఇప్పుడు 20 శాతం దరిదాపులకు వచ్చాయి.

ఆడవాళ్లకు టైమ్ లేదంటారు. సగం నిజం. కదలకుండా రెండు గంటలు కూర్చునే టైమ్ లేదు, అంతే. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు నేను రెండు పేజీల్లో తప్పులు దిద్దిన రోజులున్నాయి. ముక్కలు ముక్కలుగా చేసుకోగలిగిన పని ఇది.

నాకు అసలు చిక్కు మూలాల దగ్గర వచ్చింది. మా అత్తమ్మకు ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది బతుకమ్మల పేర్లూ, ఏ రోజు ఏ ఫలారమో నోటికి వచ్చు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, నైవేద్యం ఉండదు. ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ వాళ్ల ఊళ్లో గునుగు పువ్వుకు రంగు ఎలా అద్దేవాళ్లు, తంగేడు దొరకని ఏడాది ఏం చేసేవాళ్లు, మలీద ముద్దలో ఏం కలిపేవాళ్లు అన్నవి ఎక్కడా అచ్చులో లేవు. "మా అత్తమ్మ చెప్పింది" అన్నది వికీలో మూలం కాదు. నియమం తప్పు అని నేననను. ఎవరి అత్తమ్మ చెప్పింది వాళ్లు రాస్తే పేజీ ఆగమాగం అవుతుంది. కానీ ఆడవాళ్ల చేతిలో ఉన్న విషయమే అచ్చుకు ఎక్కలేదు కాబట్టి, ఈ నియమం ఎక్కువగా వాళ్లకే అడ్డం పడుతుంది.

మనుషుల విషయంలోనూ ఇంతే. కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించి ఇంగ్లిషు వికీకి వచ్చిన పేజీని 2018 మేలో ఆధారాలు చాలవని వెనక్కి పంపారు. అక్టోబరులో ఆమెకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆమె గతే అలా ఉంటే మన ఊరి వాళ్ల సంగతేంటి? చాకలి ఐలమ్మ గురించి రాయడానికి ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి. ఆమెలాగే తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన మిగతా ఆడవాళ్లకు? ఇక్కడ ఒక పుస్తకం పేరు చెప్పాలి. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వేశారు. నోటిమాట అచ్చయింది, ఇప్పుడు దాన్ని దర్జాగా మూలంగా చూపించొచ్చు. అందుకే నేనిప్పుడు పాత పేపర్ల జిల్లా పేజీలు, యూనివర్సిటీ సిద్ధాంత గ్రంథాలు ఎక్కువ వెతుకుతున్నాను. వరంగల్ కొత్తవాడ జంపఖానాల గురించి రాసేటప్పుడు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందన్న ముక్కకు ఆధారం చిటికెలో దొరికింది. నూలు చుట్టే ఆడవాళ్ల పని గురించి ఒక్క పేరా రాయడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఇక ఆడవాళ్లను రప్పించడం. ఒక కాలేజీలో నలభై మంది అమ్మాయిలకు వర్క్‌షాప్ పెట్టాం. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద రోజుకు ఆరు అకౌంట్ల కంటే ఎక్కువ తెరవనివ్వదని నాకు తెలియదు. ఏడో అమ్మాయి దగ్గర ఆగిపోయింది. నాకు ఒకటే టెన్షన్. చివరికి ఎవరి ఫోన్ డేటా మీద వాళ్లు తెరిచారు. ముందే వికీ నిర్వాహకులకు చెప్పి ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫొటోలు దిగారు. మరుసటి నెల చూస్తే ఒక్కరూ రాయడం లేదు. బహుమతుల పోటీలూ దాదాపు ఇంతే, ఆ నెల జాతర, తర్వాత మైదానం ఖాళీ.

పనిచేసింది ఒక్కటే, మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు. నలుగురం కూర్చుంటాం, చాయ్ తాగుతాం, రెండు గంటలు రాస్తాం. వదిన అచ్చుతప్పులు పడుతుంది. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ కీబోర్డు ముట్టుకోదు, వాక్యం బాగులేకపోతే మాత్రం ఊరుకోదు, ఆమె చెబుతుంటే ఇంకొకరు దిద్దుతారు. ఆమె పేరు ఏ చరిత్ర పేజీలోనూ కనబడదు, అది నాకు కొంచెం బాధ. మూడేళ్లలో ఈ నలుగురిలో ఒక్కరూ మానలేదు.

కొత్తగా చేరేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఫొటోలు వికీ ఉమ్మడి ఫొటోల భాండారం కామన్స్‌లోకి ఎక్కిస్తే ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు, కాబట్టి బతుకమ్మ ఫొటో పెట్టండి, చుట్టూ ఆడే పిల్లల మొహాలు పెట్టకండి. ఇంకోటి, అకౌంట్ తెరిచేటప్పుడు ఇమెయిల్ ఇవ్వకపోయినా నడుస్తుంది గానీ ఇవ్వండి, లేకపోతే పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ దొరకదు. మా వదిన ఇప్పుడు మూడో పేరుతో రాస్తోంది.